క్షమ వేరు, క్షమాభిక్ష వేరు

పాఠశాల పత్రికలో చలనచిత్రమును గురించి వ్రాయుట యేల యని మా పాఠకులలో కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చును. అందులోను మరణశిక్షను గురించిన చిత్రము పిల్లల యెదుట పెట్టదగిన విషయమేనా యని శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. అయినను గత మాసమున మా సాహితీ సంఘ సమావేశములో జరిగిన యొక చిన్న సంఘటన మాచేత నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

ఆనాడు చర్చకు నిర్ణయించిన విషయము “మరణశిక్ష ఉండవలెనా, వలదా” అనునది. ఉండవలెనని వాదించిన విద్యార్థిని చక్కగా మాటలాడెను. సభ యంతయు కరతాళధ్వనులు చేసెను. పిమ్మట లేచిన బాలుడు కొంత తడబడుచు, “చంపినవానికిని తల్లి యుండునుగదా” అని యొక్క మాట యనగానే వెనుక వరుసలలో నవ్వు పుట్టెను. “వీనికి ఆ హంతకుడు చుట్టము కాబోలు” అని యెవరో యనిరి. బాలుడు తన మాట ముగింపకయే కూర్చుండెను. వేదికపై నున్న మేమును ఆ నవ్వును వారింపలేదు. అది మా తప్పు. ఆ బాలుడు చెప్పబోయిన మాటయు, ఆ బాలిక చెప్పిన మాటయు రెండును ఒకే చిత్రములో సమానమైన గౌరవముతో వినబడిన సందర్భ మొకటి కలదు. దానిని గురించియు, దానిపై వచ్చిన విమర్శలను గురించియు నిచ్చట ముచ్చటింపదలచితిమి.

ఆ చిత్రము పేరు “డెడ్ మాన్ వాకింగ్”. “చచ్చినవాడు నడచి వచ్చుచున్నాడు” అని దాని యర్థము. అమెరికా కారాగారములలో మరణశిక్ష పడిన ఖైదీని నడిపించుకొని పోవునపుడు కావలివారు అట్లు కేకవేయు నాచారముండెడిదట. టిమ్ రాబిన్స్ దర్శకత్వమున నీ చిత్రము 1995వ సంవత్సరము డిసెంబరులో విడుదలయ్యెను. సుసాన్ సరాండన్ సన్న్యాసినిగను, షాన్ పెన్ ఖైదీగను నటించిరి. ఇందులో హత్యయు, అత్యాచారమును చూపబడినవి. కావున అమెరికాలో 17 ఏండ్లు నిండని పిల్లలు పెద్దల తోడు లేక దీనిని చూడరాదని నిర్ణయించిరి. మా సలహాయు నదియే. చిన్న తరగతుల పిల్లలకు ఈ చిత్రము వలదు. పెద్ద తరగతులవారు చూడదలచినచో తల్లిదండ్రులతో కలసి చూడవలెను, చూచిన పిమ్మట వారితో మాటలాడవలెను.

కథ యిది. లూసియానా రాష్ట్రమున పేదల పేటలో సేవచేయు హెలెన్ అను సన్న్యాసినికి, మరణశిక్ష పడిన మాథ్యూ పాన్సలే అను ఖైదీ యుత్తరము వ్రాయును. ఇద్దరు యువతీయువకులను అడవిలోనికి కొనిపోయి చంపిన నేరము వానిది. తోడి నేరస్థునికి యావజ్జీవ శిక్ష పడినది. వీనికి మరణశిక్ష పడినది. వాడు చూడగానే జాలిగొల్పు మనుష్యుడు కాడు. జాతిద్వేషము నిండినవాడు, హిట్లరును మెచ్చుకొనువాడు, తానేమియు చేయలేదనియు, తప్పంతయు రెండవవానిదే యనియు బొంకువాడు. అట్టివానికి హెలెన్ ఆధ్యాత్మిక మార్గదర్శినిగా నుండుటకు సమ్మతించును. తరువాత ఆమె హతుల తల్లిదండ్రుల యిండ్లకును పోవును. యువతి తల్లిదండ్రులైన పెర్సీ దంపతులు, ఈమె తమ పక్షమునకు వచ్చినదని భ్రమపడి ఆదరించి, ఆమె యింకను ఆ హంతకుని కడకు పోవుచున్నదని తెలిసిన తోడనే యిల్లు విడిచి పొమ్మందురు. యువకుని తండ్రియైన డెలక్రవా మాత్రము కోపములోను ఆమెతో మాటలాడుచునే యుండును. చివరకు శిక్ష అమలగు దినమున మాథ్యూ తన నేరము నొప్పుకొనును. యువకుని చంపినది తానేననియు, యువతిని చెరిచితిననియు కన్నీటితో చెప్పును. ఆ పిమ్మట వానిని చంపుదురు. ప్రాణము పోవునప్పుడు ప్రేమగల ముఖ మొకటి వానికి కనబడవలెనని హెలెన్ అద్దమునకావల నిలిచి చేయి చాచి యుండును.

ఇది కేవల కల్పన కాదు. హెలెన్ ప్రేజాన్ అను కాథలిక్ సన్న్యాసిని 1982లో పాట్రిక్ సోన్నియే అను ఖైదీకి ఉత్తరములు వ్రాయ నారంభించిరి. 1984 ఏప్రిల్ 5వ తేదీన లూసియానాలోని అంగోలా కారాగారములో అతనిని విద్యుత్ కుర్చీపై చంపిరి. అదే సంవత్సరము డిసెంబరు 28న రాబర్ట్ విల్లీ అను మరియొకనిని చంపిరి. ఈ రెండనుభవములను ఆమె 1993లో గ్రంథముగా ప్రకటించిరి. చిత్రములోని మాథ్యూ ఈ ఇద్దరిని కలిపి కల్పించిన పాత్ర. మొదటి ఖైదీ విషయములో తాను హతుల కుటుంబములను కలసికొనక తప్పించుకొంటిననియు, అది తన పిరికితన మనియు ఆమె నిష్కపటముగా నొప్పుకొనిరి. పిమ్మట న్యూ ఆర్లియన్స్ నగరములో హతుల కుటుంబములకు తోడ్పడు సంఘము నొకదానిని నెలకొల్పిరి. తప్పును తెలిసికొనుట మాత్రమే చాలదు, దిద్దుకొనవలెననుట కిది నిదర్శనము.

చిత్రము వెలువడిన కాలమును గూడ గమనింపవలెను. గాలప్ సంస్థ 1994లో జరిపిన అభిప్రాయ సేకరణలో అమెరికనులలో నూటికి 80 మంది హంతకులకు మరణశిక్షను సమర్థించిరి. చిత్రము వచ్చిన 1995లో ఆ దేశమున 56 మందికి శిక్ష అమలు జరిగినది. అట్టి దినములలో ఈ విషయము నెత్తుకొనుట తేలిక పని కాదు. అయినను విమర్శకులు ఆదరించిరి. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రములిచ్చి, చిత్రము సులభమైన దారులను త్రొక్కలేదని మెచ్చుకొనెను. సరాండన్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమానము లభించినది. 1996లో బెర్లిన్ చిత్రోత్సవమున పెన్‌కు ఉత్తమ నటుని బహుమానమును, చిత్రమునకు క్రైస్తవ శాఖలన్నిటి ప్రతినిధులు గల న్యాయనిర్ణేతల మండలి బహుమానమును వచ్చినవి. మరణశిక్షను కోరువారును, వలదనువారును ఈ చిత్రములో తమ మాట వినబడినదని యనుకొనిరి. ఇది గొప్ప విజయమని కొందరనిరి. ఇదియే లోపమని మరికొందరనిరి. ఇచటనుండియే అసలు వివాదము ప్రారంభమగుచున్నది.

మొదటి ఆక్షేపణ చిత్రము చివరి ఘట్టమును గురించినది. మాథ్యూ శరీరములోనికి విషపు మందులు ఎక్కించుచుండగా, నడుమ నడుమ ఆ రాత్రి అడవిలో జరిగిన హత్యలను దర్శకుడు చూపెను. మరణశిక్షను వ్యతిరేకించువారిలో కొందరు దీనికి నొచ్చుకొనిరి. ప్రేక్షకుడు ఆ క్రౌర్యమును చూచి, “వీనికిట్లు కావలసినదే” అని తృప్తిపడునని వారి వాదము. మరియు మూలగ్రంథములో సోన్నియే విషయమున, తుపాకి కాల్చినది తానేయని అతని తమ్ముడు చెప్పినట్లున్నది. అనగా ఎవరు చంపిరను సందేహము మిగిలియున్నది. చిత్రములో ఆ సందేహము తొలగింపబడినది. ప్రభుత్వము పొరపాటున నిర్దోషిని చంపవచ్చునను బలమైన వాదమును చిత్రము తన చేతులారా వదలుకొన్నదని వారు విచారించిరి.

మా యభిప్రాయ మిది. నిర్దోషిని చంపరాదని చెప్పుటకు విశేషమైన ధైర్యము అక్కరలేదు. దాని నెవరైనను ఒప్పుకొందురు. నిజముగా చంపినవానిని, అసహ్యము పుట్టించువానిని, మనము చంపవచ్చునా యనునదే కష్టమైన ప్రశ్న. రాబిన్స్ ఆ కష్టమైన ప్రశ్ననే యెన్నుకొనెను. హత్యలను చూపకుండ ఖైదీ మరణమును మాత్రమే చూపియుండినచో, పెర్సీ దంపతుల యెదుట నిలుచుటకు చిత్రమునకు మొగము చెల్లెడిది కాదు. ఆ ఇద్దరు పిల్లలను మరచి పొందిన జాలి జాలికాదు, మతిమరుపు. కావున ఈ యాక్షేపణ మాకు సమ్మతము కాదు.

రెండవ ఆక్షేపణ మత సంబంధమైనది. శిక్షాగృహములో ఖైదీని పడుకొనబెట్టి కట్టిన బల్లకు రెండు ప్రక్కల చేతులు చాచుటకు పలకలుండును. చిత్రములో ఆ బల్లను నిలువుగా లేపుదురు. చేతులు చాచి నిలిచిన మాథ్యూ సిలువ వేయబడినవానివలె కనబడును. హంతకుని క్రీస్తుతో పోల్చుట దైవదూషణమని కొందరు విశ్వాసులు కోపించిరి. ఇది కంటతడి పెట్టించుటకు చేసిన యుపాయమని కొందరు విమర్శకులు తేలికచేసిరి. సువార్తలను చదివినవారి కొకటి జ్ఞప్తికి రాగలదు. ఆ దినమున కొండపై సిలువ లొకటి కాదు, మూడు. క్రీస్తునకు ఇరుప్రక్కల ఇద్దరు నేరస్థులుండిరి. అందొకడు తన శిక్ష తనకు తగినదే యని యొప్పుకొని పశ్చాత్తాపము చెందెను. మాథ్యూను మేము ఆ మధ్య సిలువపై కాక, ప్రక్క సిలువపై చూచితిమి. అట్లు చూచినపుడు దైవదూషణమునకు తావు లేదు. అయితే దర్శకుడు ఆ దృశ్యమును కొంత యెక్కువసేపు నిలిపెనని, అక్కడ చెప్పక చెప్పవలసినది కొంత గట్టిగా చెప్పెనని మాత్రము ఒప్పుకొనవలెను.

మూడవ ఆక్షేపణ వీనియన్నిటిలోను బరువైనది. అమెరికాలో ఆమ్‌హర్స్ట్ కళాశాల ఆచార్యుడు ఆస్టిన్ సారట్ 2001లో ప్రకటించిన గ్రంథములో ఈ చిత్రమును, దాని తరువాత వచ్చిన మరి రెండు చిత్రములను చేర్చి పరిశీలించెను. ఈ చిత్రములన్నియు ఒక వ్యక్తి పాపమును, వాని పశ్చాత్తాపమును, వాని యోగ్యతను గురించియే మాటలాడుచున్నవనియు, మరణశిక్ష యను వ్యవస్థను గురించి అడుగవలసిన ప్రశ్నలను వెనుకకు నెట్టుచున్నవనియు ఆయన వాదము. పేదవానికి ఎట్టి న్యాయవాది దొరకెను? నల్లవారికి, తెల్లవారికి ఒకే కొలత యున్నదా? ఏ జిల్లాలో నేరము చేసిన చంపుదురు, ఏ జిల్లాలో చేసిన విడుతురు? ఈ ప్రశ్నలు “వీడు మారినాడా, లేదా” అను నొక్క ప్రశ్న క్రింద పడి నలిగిపోవుచున్నవని తాత్పర్యము.

ఈ విమర్శలో సత్యము గలదు. చిత్రము ఈ విషయమును పూర్తిగా విడువలేదు. క్షమాభిక్ష మండలి యెదుట ఖైదీ తరపు న్యాయవాది లేచి, మరణశిక్ష పడినవారిలో ధనవంతులు ఎక్కువమంది కానరారని స్పష్టముగా చెప్పును. కాని అది యొక్క దృశ్యము మాత్రమే. చిత్రము మనస్సు కారాగారపు గదిలోను, కన్నీటిలోను ఉన్నది. న్యాయస్థానపు లెక్కలలో లేదు. దీనివలన ప్రేక్షకునికి ఒక ప్రమాదము గలదు. పశ్చాత్తాపము చెందినవానిని బ్రతుకనీయవలెననియు, చెందనివానిని చంపవచ్చుననియు అతడు తెలియకయే నిశ్చయించుకొనవచ్చును. ఏడ్వ నేర్చినవాడు బ్రతుకును, ఏడ్వలేనివాడు చచ్చును. ఇది న్యాయము కాజాలదు. మనిషి హృదయములోనికి తొంగిచూచు సాధనము ఏ న్యాయమూర్తి బల్లమీదను లేదు.

ఇక విశ్వాసులలోనే యున్న వివాదము. చిత్రములో కారాగారపు ఉద్యోగి యొకడు “కంటికి కన్ను” అను వాక్యమును హెలెన్‌కు గుర్తుచేయును. ఆమె, అదే గ్రంథము మరి యేయే చిన్న తప్పులకు సయితము మరణమును విధించినదో వరుసగా చెప్పును. అతడు, సన్న్యాసినితో గ్రంథవాదమునకు దిగిన తాను ఓడుట నిశ్చయమని నవ్వి యూరకుండును. ఒకే గ్రంథమునుండి రెండు పక్షములవారును వాక్యములు తీయగలరని చిత్రము మెల్లగా చూపినది. చిత్రము విడుదలయైన సంవత్సరముననే, 1995 మార్చి 25న, పోపు రెండవ జాన్ పాల్ తన లేఖలో, మరణశిక్ష అవసరమగు సందర్భములు నేటి కాలమున మిక్కిలి యరుదని, ఇంచుమించు లేవనియే చెప్పిరి. 2018లో పోపు ఫ్రాన్సిస్ కాథలిక్ మతబోధను సవరించి మరణశిక్ష అంగీకార్యము కాదని వ్రాయించిరి. రెండువేల యేండ్ల మతమే తన మాటను దిద్దుకొనుచుండగా, మన చర్చాసభలో ఒక బాలుని మాట నవ్వులపాలు కావలసిన పనిలేదు.

పాఠకులారా, ఇదంతయు దూరదేశపు కథయని తలపవలదు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, పరీక్షలకు ఆంగ్లము నేర్చుచున్నారు. ఇట్టి చిత్రములను గురించిన విమర్శలన్నియు ఆంగ్లములోనే యున్నవి. కావున వీనిని గురించి ఆలోచించుటయు ఆంగ్లములోనే జరుగవలెనని కొందరు విద్యార్థులు భావించుచున్నారు. అది పొరపాటు. ఈ చిత్రములోని ప్రశ్న మన తెలుగు వాచకములోనే యున్నది. పోతనామాత్యుని భాగవతము ప్రథమస్కంధములో అశ్వత్థామ కథ చదివినారుగదా! నిద్రించుచున్న ద్రౌపది పుత్రుల నైదుగురిని అశ్వత్థామ రాత్రివేళ చంపెను. అర్జునుడు వానిని కట్టి తెచ్చి ఆమె యెదుట నిలిపెను. పుత్రశోకముతో కుమిలిపోవుచున్న ఆ తల్లి యేమనెను? నేను నా బిడ్డలకై యేడ్చుచున్నట్లు నీ తల్లి కృపి యేడ్వరాదని తలచి, వానిని విడువుమనెను. చంపినవానికిని తల్లి యుండునని మా బాలుడు చెప్పబోయిన మాట యిదియే. నవ్వినవారిలో చాలమందికి ఆ పద్యములు కంఠస్థములని మాకు తెలియును.

ఆ కథను పూర్తిగా చదువవలెను. భీముడు ఒప్పుకొనలేదు. బిడ్డలను చంపినవానిని విడుచు తల్లి యుండునా యని కోపించి, అశ్వత్థామను చంపబోయెను. ద్రౌపది అడ్డము వచ్చెను. అపుడు శ్రీకృష్ణుడు చతుర్భుజుడై, రెండు చేతులతో భీముని వారించి, రెండు చేతులతో ద్రౌపదిని తొలగించెనని పోతన వ్రాసెను. అర్జునుడు అశ్వత్థామ తల గొరిగి, శిరోమణిని గైకొని, శిబిరమునుండి వెడలగొట్టెను. భీముని కోపమును పోతన తప్పుగా చూపలేదు. ద్రౌపది దయను బలహీనతగా చూపలేదు. భారతములో సౌప్తిక పర్వమును చదివినచో మరియొక ద్రౌపది కానవచ్చును. ఆమె అశ్వత్థామ చావవలెనని ప్రాయోపవేశమునకు కూర్చుండినది. ఒక్క తల్లికే రెండు హృదయములు! రెండింటిని మన పూర్వులు భద్రపరచి మనకిచ్చిరి.

ఈ రెండు హృదయములే చిత్రములో పెర్సీ దంపతులుగను, డెలక్రవాగను కనబడుచున్నవి. పెర్సీ దంపతులు క్షమింపలేరు. వారిని చిత్రము దుర్మార్గులుగా చూపలేదు. వారి బిడ్డ యిక రాదు. ఈ విషయమున చిత్రమును మేము మిక్కిలి మెచ్చుచున్నాము. క్షమింపుమని దుఃఖించువారిని ఎవరును శాసింపరాదు. పురోహితుడు శాసింపరాదు, పత్రిక శాసింపరాదు, సభలోనివారు శాసింపరాదు. అట్లే క్షమించినవానిని వెఱ్ఱివాడని నవ్వుటకును ఎవరికిని హక్కు లేదు. విల్లీ బారినుండి బ్రతికి బయటపడిన యువతి, తరువాత 1998లో తన క్షమను గురించి గ్రంథమే వ్రాసినది. దేవుని పేర పుట్టినను, అలసటవలన పుట్టినను, ఆ క్షమ యామె సొత్తు.

ఇచట మన భాష మనకొక మేలు చేయుచున్నది. “క్షమ” యని యొక మాట, “క్షమాభిక్ష” యని మరియొక మాట మనకు గలవు. క్షమ నష్టపడినవాడు ఇచ్చునది. క్షమాభిక్ష రాజ్యము పెట్టునది. మన రాజ్యాంగము 72వ అధికరణమున రాష్ట్రపతికి ఆ యధికారము నొసగినది. అత్యంత అరుదైన కేసులలో మాత్రమే మరణశిక్ష విధింపవలెనని సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. అర్జీలపై నిర్ణయము అకారణముగా సంవత్సరముల తరబడి జాగుచేసినచో ఆ కారణముననే శిక్షను తగ్గింపవచ్చునని 2014లో మరియొక తీర్పు వచ్చినది. ఇవి తల్లి కన్నీటినిబట్టి గాని, ఖైదీ కన్నీటినిబట్టి గాని నడువవలసిన విషయములు కావు. ద్రౌపది క్షమించినదని ఒకనిని విడిచి, మరియొక తల్లి క్షమింపలేదని వేరొకనిని చంపుట రాజ్యమునకు తగదు. అట్లు చేసినచో చంపు భారము దుఃఖించు తల్లి భుజముపై మోపినట్లగును. విమర్శకులలో పలువురు ఈ రెండింటిని కలిపివేసిరి. సన్న్యాసిని ఖైదీని ప్రేమించినది గనుక ఆమె నేరమును తేలికచేసినదని కొందరు. హతుల తండ్రి ప్రార్థించినాడు గనుక మరణశిక్ష ప్రశ్న తీరిపోయినదని మరికొందరు. ఆత్మను రక్షించుట సన్న్యాసిని పని. క్షమించుటయో మానుటయో తండ్రి యిష్టము. చంపుటయా మానుటయా యనునది మనందరము, పౌరులుగా, చల్లని మనస్సుతో తేల్చుకొనవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు మా సమాధాన మేమని పాఠకులడుగవచ్చును. దాచుట న్యాయము కాదు. దిద్దుకొనుటకు వీలులేని శిక్షను, తప్పులు చేయు మనుష్యుల చేతిలో పెట్టరాదని మా యభిప్రాయము. కరతాళధ్వనులందుకొన్న ఆ విద్యార్థిని మాతో నేకీభవింపక పోవచ్చును. ఆమె పక్షమున లక్షలాది తల్లుల శోకమున్నది. దానిని మేము తేలికగా చూడజాలము. 2020 మార్చి 20న తీహారు కారాగారములో నలుగురిని ఉరితీసినపుడు దేశమున అనేకులు న్యాయము జరిగినదని ఊరట చెందిరి. ఆ యూరటను వెక్కిరించుటకు మేము సిద్ధముగా లేము.

కాలము మారుచునే యున్నది. అమెరికాలో మరణశిక్షను సమర్థించువారు 2024 నాటి గాలప్ సేకరణలో నూటికి 53 మందికి తగ్గిరి. అయినను అదే లూసియానా రాష్ట్రము, పదునైదేండ్లు ఊరకుండి, 2025 మార్చి 18న నత్రజని వాయువుతో ఒక ఖైదీని చంపినది. అతడు బౌద్ధ మతస్థుడు. శ్వాసపై నిలుపు ధ్యానము తన మతధర్మమనియు, ఈ విధమైన శిక్ష దానికి భంగమనియు అతడు న్యాయస్థానములో వాదించెను. మరణశిక్షయు, విశ్వాసమును ఒకే గదిలో కలసికొనుట చలనచిత్రముతో ముగియలేదు.

చిత్రము చివరి దృశ్యమును చెప్పి ముగింతుము. మాథ్యూను పూడ్చిపెట్టు చోటికి డెలక్రవా వచ్చి దూరముగా నిలుచును. తనలో ద్వేషము నిండియున్నదనియు, ఆమెకున్న విశ్వాసము తనకు లేదనియు హెలెన్‌తో చెప్పును. ఇది విశ్వాసము కాదు, అంత సులభమైన బాగుండును, ఇది పని యని ఆమె బదులు చెప్పును. పిమ్మట చిన్న దేవాలయములో వారిద్దరు ప్రక్కప్రక్కన మోకరిల్లి యుండగా కిటికీ వెలుపలినుండి మనము చూతుము. వారేమని ప్రార్థించిరో వినబడదు. కొందరు విమర్శకులు ఈ ముగింపు మెత్తనిదనిరి. మాకట్లు తోపలేదు. ఆ తండ్రి క్షమించినాడని చిత్రము చెప్పలేదు. మరునాడును వచ్చి ఆ పని చేయవలసియుండునని మాత్రమే చెప్పినది.

విద్యార్థులారా! విమర్శ చదువునపుడు, వ్రాసినవాడు గొప్పవాడా యని చూడకుడు. ఏ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నాడో చూడుడు. ఒకే చిత్రమును చూచి నలుగురు నాలుగు విధముల వ్రాసినచో వారిలో మువ్వురు మూర్ఖులని తలపకుడు. నలుగురు నాలుగు ప్రశ్నల నడిగియుందురు. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఈ విషయము పిల్లలకు తగదని తలుపు మూయవలదు. వార్తలలో ఉరి యను మాట వారు వినుచునే యున్నారు. దానిని గురించి మొదట ఇంటిలో, మన భాషలో, నెమ్మదిగా మాటలాడుడు.

రానున్న మాసమున సాహితీ సంఘము అదే విషయమును మరల చర్చకు పెట్టుచున్నది. ఆనాడు మాట ముగింపకయే కూర్చున్న బాలునే మొదట మాటలాడుమని కోరితిమి. కరతాళధ్వనులందుకొన్న బాలిక అతని తరువాత లేచి బదులు చెప్పుటకు సంతోషముతో నంగీకరించినది. ఈ సారి ఇద్దరి మాటలను కడవరకు విందుము.